పాసైన పెట్టె

తమ్ముడి సంచి సర్దుతున్న అక్క, ఏ వస్తువైనా సంచిలో పెట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది.

మాత్రల సీసా ఊపింది. గలగలమంది. మూత తీసి కాస్త దూది కుక్కి మళ్ళీ ఊపింది. ఈసారి సీసా నోరు మూసుకుంది. గడ్డం గీసుకునే సామాన్ల డబ్బా ఊపి, దాన్ని తువ్వాలులో చుట్టింది. టార్చిలైటు ఊపింది. అలవాటు మీద ఉన్ని స్వెట్టరు కూడా చెవి దాకా తీసుకెళ్ళి, తమ్ముడు చూస్తున్నాడని గమనించి మెల్లిగా దించింది.

"నన్ను కూడా ఓసారి ఊపి చూడక్కా. ఎక్కడన్నా వదులుగా ఉన్నానేమో," అన్నాడతను మంచం మీద కాళ్ళు బారచాపుకుని.

"నీలో వదులుగా ఉన్నది నోరొక్కటే. దాన్ని బిగించే పానా మా ల్యాబులో లేదు."

ఊపి చూడటం ఆమెకు ఉద్యోగంతో అంటుకున్న జబ్బు. భారీ లారీలు తయారుచేసే కంపెనీలో, ఆ లారీలకు బిగించే ఎలక్ట్రానిక్ పెట్టెలను పరీక్షించే ఇంజనీరు ఆమె. లారీ అన్నాక ఎండలో మాడుతుంది, మంచులో బిగుసుకుంటుంది, దుమ్ములోనూ ఉప్పుగాలిలోనూ గతుకుల్లోనూ తిరుగుతుంది. దానిలోని పెట్టె వీటన్నిటికీ తట్టుకోవాలి. ఎంత వేడికి, ఎంత చలికి, ఎంత కుదుపుకు అన్నది ఎక్కడో పెద్దలు కూర్చుని ప్రమాణాల పుస్తకంగా రాశారు. దాని ప్రకారం అక్క ఒక్కో కొత్త రకం పెట్టెను వేడి గదిలో మాడ్చేది, చలి గదిలో గడ్డకట్టించేది, ఉప్పు పొగలో నానబెట్టేది, దుమ్ము మింగించేది, మరిగే నీళ్ళు గొట్టంతో కొట్టించేది, చివరికి ఊపుడు బల్లకు బిగించి పగలూ రాత్రీ కుదిపేది. ఇన్ని పడ్డాక కూడా పచ్చదీపం వెలుగుతూ ఉంటే పాసు. కోడల్ని ఇలా చూసుకుంటే పోలీసులు వస్తారు. పెట్టెను చూసుకుంటే సర్టిఫికెట్టు వస్తుంది.

తమ్ముడు అదే కంపెనీలో ట్రయల్ డ్రైవరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొత్త రకం లారీల్లో మొదటిదాన్ని రేపు మంచుకొండల కనుమ దాటించి, అవతలి గనివాళ్ళకు అప్పగించాలి. లారీ నడిపినవాడికి ఉద్యోగం ఖాయమని చైర్మన్‌గారు నలుగురిలో మాటిచ్చారు. ఆ నడిపేవాడు తమ్ముడు. వారం నుంచీ అతను ఇంట్లో నడుస్తున్నట్టు లేడు, గేర్లు మారుస్తున్నట్టున్నాడు.

"మా లారీనే కాదు, నీ పెట్టెను కూడా ముస్తాబు చేశారు," అన్నాడు తమ్ముడు. "బంగారు రంగు పలక బిగించారు దానికి. 'అన్ని పరీక్షలూ నెగ్గిన పెట్టె' అని చెక్కించి మరీ."

అక్క చేతిలో మేజోళ్ళు చేతిలోనే ఉండిపోయాయి.

"ఏ పెట్టెకి?"

"బ్రేకుల పెట్టెకి. నువ్వు పాస్ చేశావు కదా, దానికి."

"ఆ రకం పెట్టెకా, ఆ పెట్టెకేనా?"

"ఆ పెట్టెకే. నువ్వు కాల్చి, నానేసి, కుదిపిన పెట్టే. ఒంటి నిండా గీతలు. వాటి మీద పాలిష్ కొట్టారు. పెద్దాయన ఆర్డరట, మొదటి లారీలో అదే ఉండాలని."

అక్క మంచం అంచున కూలబడింది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. జరిగింది ఆమె నోట్లోనే.

పెట్టె పాసైన రోజున మీటింగులో చైర్మన్‌గారు, "పాసైందంటే ఏమిటమ్మా, మాలాంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పు," అన్నారు. ఎప్పుడూ ఎవరూ ఆమెను ఏమీ అడగరు. అడిగేసరికి ఉత్సాహం ముంచుకొచ్చి, "పదేళ్ళ రోడ్డుని వారంలో చూసేసింది సర్ ఈ పెట్టె," అంది. చైర్మన్‌గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "పదేళ్ళ అనుభవం," అన్నారాయన మెల్లిగా. "ఇంత అనుభవం ఉన్న పెట్టెను చేతిలో పెట్టుకుని, లోకం తెలియని కొత్తదాన్ని మొదటి లారీకి వేస్తామా?" అందరూ బల్లలు చరిచారు. ఆయన హాస్యమాడుతున్నారనుకుని అక్క నవ్వింది. ఆ గదిలో అదొక ఇబ్బంది. ఆయన హాస్యమాడినప్పుడు ఎవరికీ నవ్వు రాదు, ఆడనప్పుడు అందరూ నవ్వుతారు. తేడా కనిపెట్టడానికి ఏ ల్యాబులోనూ యంత్రం లేదు.

"ఒరేయ్, అది పనికిరాదురా," అంది అక్క.

"నువ్వే కదా పాస్ చేసింది."

"పాసయ్యేసరికే దాని ఆయుష్షు అయిపోయింది. లోపల అతుకులన్నీ వెంట్రుకవాసి పగుళ్ళు పట్టి ఉంటాయి. ఒక పెట్టెను బలిచేసి, దాని తోబుట్టువులు గట్టివని తెలుసుకుంటాం. వాడాల్సింది ఆ తోబుట్టువుల్ని. అరిగిపోయేదాకా తిరిగినా పగల్లేదు, భలే టైరు అని, ఆ పాత టైరే తెచ్చి కొత్త లారీకి వేస్తే ఎక్కుతావా నువ్వు?"

తమ్ముడు కాస్త ఆలోచించాడు.

"వేరే లారీ ఇవ్వకపోతే ఎక్కుతానక్కా."

"కనుమ దిగేటప్పుడు ఏ చక్రాన్ని ఎంత పట్టుకోవాలో చెప్పేది ఆ పెట్టె. మంచు మీద, నిండు బరువుతో, అది ఒక్క క్షణం కళ్ళు మూసిందంటే లారీ అడ్డం తిరుగుతుంది. పక్కన లోయ. రేపు వెళ్ళకు. నడుం పట్టేసిందని చెప్పు."

"బడి నుంచి విహారయాత్రకి తీసుకెళ్తామంటే కడుపునొప్పని చెప్పించావు. సైన్యంలో చేరతానంటే చూపు ఆనదని చెప్పించావు. ఇంతవరకూ నన్ను ఎక్కడికైనా ఒక్కసారి మామూలుగా పంపావా నువ్వు?"

ఆ ఇంటి నుంచి సాయంత్రానికల్లా వచ్చేస్తామని వెళ్ళినవాళ్ళు ఇద్దరు రాలేదు. ఒకసారి నాన్న, ఒకసారి అమ్మ. అప్పటికి వీడికి నడక కూడా సరిగా రాదు. అక్కే ఎత్తుకుని పెంచింది. అందుకని ఎవరైనా చెప్పులు వేసుకుంటున్నారంటే చాలు, ఆమెకు అరికాళ్ళు చల్లబడతాయి. కానీ ఈసారి భయం ఒంట్లోంచి పుట్టింది కాదు, ల్యాబులోంచి పుట్టింది. ఆ తేడా తమ్ముడికి చెప్పే దారి ఆమెకు దొరకలేదు. ఇన్నాళ్ళూ ఉత్తుత్తి భయాలకు పెట్టిన కేకలు, ఇప్పుడు అసలుదానికి విలువ లేకుండా చేశాయి.

తెల్లవారి ఆఫీసు తలుపులు తెరవగానే ఆమె ల్యాబు అధిపతి గదికి వెళ్ళింది. ఆయన్ని వెనక అందరూ పుస్తకంగారు అనేవారు. ఏం అడిగినా, "పుస్తకంలో ఉంది," అనేవాడు. ఆ ప్రమాణాల పుస్తకం మొత్తం సంపుటాలు ఆయన వెనక అద్దాల బీరువాలో వరసగా ఉండేవి, కొన్ననాటి పల్చటి ప్లాస్టిక్ తొడుగుతో సహా. దుమ్ము పడకూడదని ఆయన తొడుగు తీయించలేదు. తన వంతు పరీక్షల అధ్యాయాలు అక్క కంప్యూటర్లో చదువుకుంది. తక్కిన భాగాలు ఆ భవనంలో ఏ మనిషీ చదివినట్టు దాఖలా లేదు.

"సర్, ఆ పెట్టెను లారీలో వాడకూడదు," అంది.

"ఏం, ఫెయిలైందా?"

"లేదు సర్. పాసైంది."

"పాసైంది కాబట్టి వాడకూడదంటావు."

"అవును సర్."

"ఈ మాట నేను వెళ్ళి చైర్మన్‌గారికి చెప్పాలంటావు."

"అవును సర్."

పుస్తకంగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆమెను కొత్తగా చూశాడు.

"చూడమ్మా, పరీక్ష దేనికి? పెట్టె బతుకుతుందా లేదా అని. బతికింది. ఆ తర్వాత ఎన్నాళ్ళు బతుకుతుందన్నది మన డిపార్టుమెంటు కాదు."

"దాని ఆయుష్షు అయిపోయింది సర్."

"ఈ మాట వెళ్ళి చెబితే నాదీ అయిపోతుంది. నాకింకా సర్వీసు ఉంది. పద పద, కింద అందరూ చేరుతున్నారు."

కింద యార్డులో షామియానా వేశారు. కడిగిన లారీ పెళ్ళివారి బండిలా మెరుస్తోంది. ముందు చక్రం పక్కన, చిన్న తలుపు తెరిచి పెట్టిన అరలో, బంగారు పలక వేసుకున్న పెట్టె అతిథుల దర్శనం కోసం కూర్చుని ఉంది. గని నుంచి వచ్చిన అధికారి దాని ముందు వంగి, ఏమీ అర్థం కాని మనిషి ఎంత సేపు చూడాలో సరిగ్గా అంతసేపు చూసి, "బావుంది," అన్నాడు. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని కాబిన్ మెట్టు మీద నిలబడ్డాడు. ఆమెను చూసి, ఇక్కడికి రావొద్దన్నట్టు కనుబొమలతో సైగ చేశాడు.

అక్క తిన్నగా చైర్మన్‌గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతిలో శీతల పానీయం గ్లాసు ఉంది.

"సర్, ఆ పెట్టె మార్చాలి."

"నా పెట్టె పాసైందన్నది అబద్ధమా?"

"నిజమే సర్."

"అయితే మంచి పెట్టె."

"మంచిదే సర్. కానీ అలిసిపోయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చైర్మన్‌గారు నవ్వలేదు.

"నేను పుట్టి డెబ్భై ఏళ్ళు దాటింది. ఎండలు చూశాను, చలి చూశాను, యూనియన్లని చూశాను. నేను అలిసిపోయానా?"

"అయ్యో, ఎంతమాట సర్," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క గొంతుతో. పుస్తకంగారు అందరికంటే అరక్షణం ముందే అన్నాడు.

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పెట్టె అలిసిపోయిందంటే చైర్మన్‌గారు ముసలివాడైనట్టు. అలిసిపోలేదంటే తమ్ముడు లోయలో. అటు చూస్తే వాడు కాబిన్ తలుపు తీస్తున్నాడు. అక్కకు అరికాళ్ళు చల్లబడ్డాయి. నోరు మాత్రం ఆమె ప్రమేయం లేకుండా తెరుచుకుంది.

"ప్రమాణాల పుస్తకం ఒప్పుకోదు సర్. పన్నెండో భాగం, నాలుగో క్లాజు."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఏముంది అందులో?"

"అన్ని పరీక్షలూ నెగ్గిన పెట్టెను వాహనంలో బిగించరాదు. సంస్థ ముందు గదిలో, అతిథులకు కనిపించేటట్టు, గౌరవంగా ఉంచవలెను."

గౌరవంగా అన్న ముక్క ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. పన్నెండో భాగం అసలుందో లేదో కూడా తెలియదు. చైర్మన్‌గారు పుస్తకంగారి వైపు తిరిగారు.

"ఉందా?"

పుస్తకంగారి ముఖంలో లెక్కలు నడిచాయి. లేదంటే, తీరా ఉంటే? ఉందంటే, తీరా లేకపోయినా ఎవడు చూడొచ్చాడు?

"ఉంది సర్. నేనే మనవి చేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

"మా గనిలో అయితే ఆ నాలుగో క్లాజును చాలా గట్టిగా పాటిస్తాం," అన్నాడు గని అధికారి.

చైర్మన్‌గారి ముఖం విచ్చుకుంది. ముందు గదిలో అద్దాల పెట్టె, దానిలో చిన్న ఊపుడు బల్ల, దాని మీద నిత్యం కుదుపులు తింటూ వెలుగుతుండే పచ్చదీపం, అన్నీ ఆయనకు అప్పటికప్పుడే కనిపించాయి. చేతిలోని గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఫిట్టరు పాత పెట్టెను విప్పి, స్టోరు నుంచి తెచ్చిన కొత్తదాన్ని బిగించేశాడు. పచ్చదీపం వెలిగింది. అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. తమ్ముడు కాబిన్‌లోంచి ఆమె వైపు చూసి, సరే గెలిచావులే అన్నట్టు నవ్వాడు. అప్పటివరకూ అంతా బాగానే ఉంది.

పుస్తకంగారు గొంతు సవరించుకున్నాడు. తన పుస్తకంలో తనకు తెలియని క్లాజు ఒక ఆడకూతురు అందరి ముందూ అప్పజెప్పడం ఆయనకు మింగుడుపడలేదు.

"దాని కిందే ఆరో క్లాజు కూడా ఉంది సర్," అన్నాడు. "పరీక్ష చేసినవారి రక్తసంబంధీకులు ఆ వాహనాన్ని నడపరాదు. పక్షపాతానికి తావు లేకుండా."

"అది ఇంకా గట్టిగా పాటిస్తాం," అన్నాడు గని అధికారి.

చైర్మన్‌గారు అక్క వైపు తిరిగారు. షామియానా కింద ఉన్న మొహాలన్నీ తిరిగాయి. ఆరో క్లాజు లేదంటే పుస్తకాలు దింపుతారు, తొడుగు చింపుతారు, నాలుగో క్లాజు కూడా లేదని తేలుతుంది. బంగారు పలక మళ్ళీ లారీ ఎక్కుతుంది, దాని వెనక వాడు.

"ఉందా అక్కా?" అని తమ్ముడు కాబిన్ కిటికీలోంచి అడిగాడు. కంపెనీలో అతను ఆమెను మేడమ్ అని తప్ప ఎప్పుడూ పిలవలేదు.

"ఉంది," అంది అక్క.

ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో ఒక మూల హాయిగా అనిపించింది. వాడు ఇంటికే వస్తాడు. ఆ మూలను ఆమె వెంటనే మూసేసింది, కానీ అది ఉందన్న సంగతి తెలిసిపోయింది.

తమ్ముడు దిగాడు. అతని బదులు మీసాల డ్రైవరొకడు ఎక్కాడు. చప్పట్లు కొట్టారు.

ఇంట్లో ఆ సాయంత్రం అక్క నీళ్ళ గ్లాసు అందిస్తూ, "ఆ ఆరో క్లాజు లేదురా," అంది.

"ఉందన్నావుగా."

"లేదంటే నాలుగోది కూడా లేదని బయటపడుతుంది."

"నాలుగోది లేదా?"

"లేదు. నేనే పుట్టించాను."

అతను నవ్వాడు. కాసేపు నిజంగానే నవ్వాడు. "గని వాడు గట్టిగా పాటిస్తామన్నాడే," అని మళ్ళీ నవ్వాడు. నవ్వి, గ్లాసు కింద పెట్టాడు.

"పెట్టెను దింపడానికి ఒక క్లాజు, నన్ను దింపడానికి ఒక క్లాజు."

"రెండోది నాది కాదు, ఆయన అన్నాడు."

"ఆయన ఏదైనా అంటాడు. నేను అడిగింది నిన్ను."

"లేదంటే పాత పెట్టె మళ్ళీ వేసేవాళ్ళురా."

"వేసేవాళ్ళేమో. వేసేవాళ్ళు కాదేమో. పెట్టెకైతే వారం రోజులు పరీక్ష పెట్టావు. నన్ను పరీక్షే లేకుండా ఫెయిల్ చేశావక్కా."

"నువ్వు బతికున్నావు కదా."

"ఆ. పచ్చదీపం వెలుగుతోంది," అన్నాడతను.

మీసాల డ్రైవరు కనుమ దాటి, లారీ అప్పగించి, చలికి చెవులు పొక్కడం తప్ప ఏ దెబ్బా లేకుండా తిరిగొచ్చాడు. అతని ఉద్యోగం ఖాయమైంది. తమ్ముడు ఎక్కడో సముద్రం పక్క ఊళ్ళో, ఏ ఎలక్ట్రానిక్ పెట్టే లేని పాత లారీలు నడిపే మనిషి దగ్గర పని చూసుకున్నాడు. వెళ్ళేటప్పుడు పోట్లాడలేదు. తలుపు కూడా మెల్లిగానే వేశాడు. పోట్లాడితే బావుండేదని అక్కకు అనిపించింది. పోట్లాడి వెళ్ళినవాళ్ళు మిగిలిన మాట అనడానికైనా వస్తారు.

ముందు గదిలో అద్దాల పెట్టె వెలిసింది. లోపల చిన్న బల్ల మీద పాసైన పెట్టె గజగజలాడుతూ పచ్చదీపం వెలిగించేది. 'పదేళ్ళ అనుభవం' అని పైన బోర్డు. అక్క రోజూ లోపలికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాని ముందు నిలబడేది. సందర్శకులు ఆమెను చూసి, ఎంత అభిమానమో అనుకునేవారు. ఆమె మనసులో దాన్ని చావమని బతిమాలుతోందని ఎవరికి తెలుసు? అది చస్తే ఆమె మాట నిజమవుతుంది. నిజమైతే తమ్ముడికి ఫోను చేసి చెప్పొచ్చు.

కొన్ని వారాలకు అది చచ్చింది. పొద్దున్నే రిసెప్షనిస్టు అమ్మాయి ఎదురొచ్చి, "మేడమ్, దీపం పోయింది. ప్లగ్గు తీసి పెట్టాను, అయినా రావట్లేదు. వెధవ బల్ల మాత్రం ఊగుతూనే ఉంది," అంది. పుస్తకంగారు దిగి వచ్చాడు. చూశాడు. ఎవరూ చూడటం లేదని కూడా చూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా పెట్టె వెనక బ్యాటరీతో వెలిగే పచ్చబల్బు ఒకటి అమర్చారు. మునుపటికంటే బాగా వెలిగింది. చైర్మన్‌గారు దాన్ని చూసి ముచ్చటపడి, పదేళ్ళని ఇరవై ఏళ్ళు చేయించారు.

అక్క వరండాలోకి పరిగెత్తి ఫోను చేసింది.

"పోయిందిరా. వట్టి ముందు గదిలో, చల్లగా, ఏ బరువూ లేకుండా, కాస్త ఊపుకే పోయింది. నువ్వు కనుమలో ఉండుంటే?"

అవతల ఇంజను చప్పుడు. తర్వాత అతని గొంతు.

"పోతుందని నాకు ఆ రోజే తెలుసు. పెట్టె విషయంలో నీ మాట మీద నాకెప్పుడన్నా అనుమానం వచ్చిందా?"

"రాలేదు."

"మరి ఇప్పుడు దేనికి చెబుతున్నావు?"

ఆమె ఏదో అనబోయింది.

"లోడు ఎక్కిస్తున్నారు. ఉంటానక్కా," అన్నాడు.

ఆ ఏడాది చివర్లో కంపెనీ తన సొంత నిబంధనల పుస్తకం అచ్చువేసింది. నాలుగో క్లాజు, ఆరో క్లాజు రెండూ అందులో ఉన్నాయి. గనివాళ్ళు ఆ రెంటినీ తీసుకుని తమ పుస్తకంలో కూడా వేసుకున్నారు. ఇప్పుడు అవి నిజంగానే ఉన్నాయి, కావాలంటే చూసుకోవచ్చు.

తమ్ముడు మళ్ళీ రాలేదు. ఆ ఇంటి నుంచి అతను వెళ్ళింది వానలు మొదలైన వారంలో, గురువారం ఉదయం.